నలభై ఒకటో కేసు

మా ఆఫీసులో రెండు గదులు. ఒకదాంట్లో లాయరమ్మ, రెండోదాంట్లో నేను. సర్కారు ఆఫీసులు జనానికి చేసే అన్యాయాల మీద ఆవిడ కోర్టుకు వెళుతుంది, నేను రిపోర్టులు రాస్తాను. నా పేరు కింద సీనియర్ పరిశోధకురాలు అని ఉంటుంది. పద్నాలుగేళ్లు ఒకే కుర్చీ అరగదీసినందుకు ఇచ్చిన బిరుదు అది. గదుల మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ, ఆవిడ దగ్గితే నాకు వినిపిస్తుంది.

ఇద్దరం "కేసు" అనే మాటే వాడతాం. ఆవిడ కేసంటే కోర్టులో నంబరు పడ్డది. నా కేసంటే పట్టికలో ఒక వరుస. ఈ తేడా మాకు ఎంత అలవాటైపోయిందంటే, బయటివాళ్లకు అది తెలియదన్న సంగతే మర్చిపోయాం. మేమంటున్నాను గానీ, మర్చిపోయింది నేనే.

ఈసారి పని, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వచ్చే సర్కారు నర్సుల గురించి. "ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారు" అని ఒక్క ముక్క రాసి నర్సును ఆపేస్తున్నారు. ఆ మనిషికి చేతనవుతుందా లేదా అని చూసిన పాపాన పోలేదు. అలాంటి అరవై ఇళ్లవాళ్లతో నేను మాట్లాడాలి. అందులో నలభై ఒకటో మనిషి టైలర్ మాస్టారు.

ఆయనకు డెబ్భై ఆరేళ్లు. భార్యకు పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. ఆయన చేతులు వణుకుతాయి. సూదిలో దారం ఎక్కించడమే మానేసిన మనిషి, ఆవిడను పక్కకు తిప్పడం ఎక్కడ? నర్సును ఆపేసిన కాగితం వచ్చి అప్పటికి పన్నెండు రోజులు. దాని మడత విప్పి నా ముందు పెట్టి, రెండు గంటలసేపు అన్నీ ఓపిగ్గా చెప్పారు. నేను రాసుకున్నాను. లేచేముందు అడిగారు.

"అయితే అమ్మా, మా కేసు తీసుకున్నట్టేనా?"

"తీసుకున్నట్టే మాస్టారూ. మీరు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగా ఉండమని చెప్పమని నన్నెవరడిగారు? ఎవరూ అడగలేదు. నా నోటి దురద, అంతే.

ఆయన నిశ్చింతగానే ఉన్నారు. అలాంటి కాగితం మీద కోర్టుకు వెళ్లడానికి గడువు తొంభై రోజులు. తొంభై ఏడో రోజున ఆయన మళ్లీ మా మెట్లెక్కారు.

"కేసు ఎందాకా వచ్చిందమ్మా? ఆవిడకి వీపంతా పుండ్లు పడ్డాయి. ఒకదాంట్లో అయితే వేలు దూరుతుంది. మీరు చూసుకుంటున్నారు కదా అని నేనెక్కడికీ పోలేదు. పక్కవీధి లాయరు ఒకాయన ఊరికే వేసిపెడతానన్నాడు. మా కేసు ఆల్రెడీ నడుస్తోందని చెప్పి పంపేశా."

ఆయన్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. కేసంటే నా లెక్క వేరని, కోర్టులో ఏమీ వేయలేదని, తప్పు నాదేనని. చెబుతూ చెబుతూ ఏడ్చాను. సిగ్గులేని ఏడుపు. ఓదార్చాల్సింది నేనైతే, ఆయనే నన్ను ఓదార్చారు.

"ఊరుకోండమ్మా. మీరు మాత్రం కావాలని చేశారా?"

లాయరమ్మ గదికి తీసుకెళ్లాను. తీసుకెళుతుంటే, ముందురోజు మా సంస్థ డైరెక్టరు గారు ఫోన్లో అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. "బుధవారం రిపోర్టు విడుదల. సర్కారు లాయర్లు కళ్లల్లో ఒత్తులేసుకుని చూస్తున్నారు. లేనిపోని ఆశలు పెట్టి జనాన్ని మాట్లాడించారని ఒక్క మాట దొరికిందా, అరవై మంది చెప్పిందీ గోవిందా."

లాయరమ్మ కాగితం మీది తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"గడువు దాటినా దారుంది మాస్టారూ. సరైన కారణం చూపిస్తే జడ్జి ఒప్పుకుంటారు. ఎందుకు ఆలస్యమైంది?"

ఆయన నావైపు చూశారు. నా కళ్లింకా ఎర్రగానే ఉన్నాయి.

"మతిమరుపమ్మా. ముసలాణ్ణి కదా, కాగితం ఎక్కడో పెట్టి మర్చిపోయా."

లాయరమ్మ రాయడం ఆపింది. "మతిమరుపంటే జడ్జీలు వినరండీ. ఇంకేమీ లేదా? ఎవరైనా ఏమైనా చెప్పారా?"

అడిగింది ఆయన్ని, చూసింది నన్ను.

నేను చెప్పాను అంటే సరిపోయేది. ఆ క్షణాన ఆ అరవై మంది గుర్తొచ్చి ఆగానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి గుర్తొచ్చింది రిపోర్టు అట్ట మీద నా పేరు. గోడకున్న క్యాలెండరు వంక చూస్తూ కూర్చున్నాను.

"ఇంకేం లేదమ్మా" అన్నారు మాస్టారు.

బుధవారం రిపోర్టు వచ్చింది. పత్రికలు రాశాయి. నెల తిరక్కుండా సర్కారు నిబంధన మార్చింది. ఇకమీదట ఇంటికొచ్చి చూడకుండా నర్సును ఆపకూడదట. పాత కాగితాలకు మాత్రం అది వర్తించదు. మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ వారమే మాస్టారి పిటిషన్ కొట్టేశారు. మతిమరుపు తగిన కారణం కాదని జడ్జి ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఆ కబురు చెప్పడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. ఒకటే గది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గదంతా మందు వాసన, దాని కింద ఇంకో వాసన. మాస్టారు గుమ్మంలోనే నిలబడి విని, తలూపారు.

"ఆవిడకి నేను చెప్తాను మాస్టారూ. నావల్లే జరిగిందని."

"వద్దమ్మా." గొంతు తగ్గించారు. "నేనే మర్చిపోయానని ఎప్పుడో చెప్పేశా. కోర్టులో ఒకటి, ఇంట్లో ఒకటి ఎలా చెప్పను? నమ్మింది. యాభై రెండేళ్ల కాపురంలో ఎన్ని పోట్లాటలైనా పూట దాటలేదు. ఇప్పటికి ఇరవై రోజులు, నాతో మాట లేదు. తిప్పుదామని చెయ్యి వేస్తే విదిలించేస్తోంది. మీరు కాస్త పట్టుకుంటారా?"

నేను భుజం పట్టుకున్నాను, ఆయన కాళ్లు పట్టుకున్నారు. ఇద్దరం కలిసి ఆవిడను ఇటు తిప్పాం. నొప్పికి పళ్లు బిగబట్టి, కాసేపటికి కళ్లు తెరిచి నన్ను చూసింది.

"ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయివేనా? ఈయన మర్చిపోకుండా ఉంటే నువ్వు గెలిపించేదానివి కదమ్మా?"

మాస్టారు మంచం కోడు పట్టుకుని కిందకి చూస్తున్నారు.

"అవునమ్మా" అన్నాను.