విప్పి చూపాల్సిన కవరు

చేప ముళ్లను టేబుల్ మీదే ఉమ్మడం రాజేందర్ అలవాటు. శుక్రవారం భోజనానికి వచ్చే సైట్ దోస్తులకు కూడా గల్ఫ్‌లో, అల్ సద్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అదే మర్యాద అయిపోయింది. నలుగురు మగవాళ్లు నమిలి వదిలిన ముళ్లను పుష్ప ఉత్త చేత్తో పోగుచేస్తోంది. వేళ్ల సందుల్లో ఎంగిలి జిగురు. పొద్దున ఆరింటి నుంచి షేరీ చేపల పొలుసు గీకి, పులుసు పెట్టి, వడ్డించి, ఇప్పటికి రెండయింది. తను ఇంకా తినలేదు. "ఇంట్ల ఖాళీగనే ఉంటది, గిదన్న చెయ్యకపోతె ఒళ్లు బరువెక్కదా?" అని భర్త అంటే మిగతా ముగ్గురూ నవ్వారు. తర్వాత ఏ స్టేడియానికి ఎన్ని కుర్చీలు బిగించారో, ప్రపంచ కప్పు మొదలయ్యేనాటికి తమలో ఎవరెవరు ఇంకా ఈ దేశంలో ఉంటారో మాట్లాడుకున్నారు.

ఆ ముగ్గురిలో ఒకడైన లింబాద్రి ఆ సాయంత్రం ఊరికి వెళ్తున్నాడు. వీళ్ల పక్క ఊరివాడే, బర్వా అల్ బరాహా కూలీల క్యాంప్‌లో ఉంటాడు. స్టేడియం పని అయిపోయి కంపెనీ సెలవిచ్చింది. గోడ పక్కన అతని అట్టడబ్బా నోరు తెరుచుకుని ఉంది. పాలపొడి డబ్బాలు, దుప్పటి, తలనొప్పి నూనె సీసాలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరి ఇంటికి. ఆ డబ్బాతో పాటు ఒక కవరు కూడా వెళ్లాలని రాజేందర్ రెండు వారాల నుంచి చెబుతున్నాడు. అందులో పెట్టాల్సిన కాగితం వంటగదిలో ఉప్పు డబ్బా కింద ఉంది. పుష్ప రాజీనామా. పోయిన ఏడాది తేదీతో ఆయనే టైపు చేయించి తెచ్చాడు. ఆమె సంతకం ఒక్కటే మిగిలింది.

రాజీనామా చేయడానికి ఆమెకు ఉద్యోగం లేదు. పోయిన ఏడాదే తీసేశారు.

ఆమె పంచాయతీ కార్యదర్శి. ఊరి బడిలో చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మూడేళ్ల ప్రొబేషన్‌లో రెండేళ్లు దాటాయి. పొద్దున్నే చెత్త ట్రాక్టరుతో వీధులన్నీ తిరిగి, ఊడ్చిన మురికి మోరీల ఫొటోలు తీసి ఫోన్లో పంపితేనే ఆ రోజు హాజరు పడేది. సర్పంచ్ ఒక ఆడమనిషి. కుర్చీలో కూర్చునేది మాత్రం ఆమె భర్త. జరగని గ్రామసభ జరిగినట్టు, రాని ఆడవాళ్లు వచ్చినట్టు తీర్మానం రాయమన్నాడు. "నేను రాయను సార్" అంది పుష్ప. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండా ఆర్డర్ వచ్చింది. నోటీసు లేదు, విచారణ లేదు. అందులో ఒక వాక్యం ఉంది. దాన్ని ఆమె అప్పటి నుంచీ చీరల మడతల మధ్య దాచింది.

ఆ కాగితాన్ని ఫోన్లో చూసినప్పుడు రాజేందర్ అది అబద్ధమా అని అడగలేదు. "ఎవలకన్న తెల్సిందా?" అని అడిగాడు. అత్త నర్సవ్వ ఇంకా తెలివిగా, కోడలే నౌకరి ఇడిసిపెట్టి మొగని దగ్గరికి దుబాయ్ పోయిందని ఊరంతా చెప్పుకొచ్చింది. ఆ ఊరికి గల్ఫ్ అంతా దుబాయే. ఆ మాట నిజం చేయడానికే ఈ రాజీనామా. ఇది వస్తే పాత ఆర్డర్‌ను ఫైల్లోంచి మాయం చేయిస్తానని సర్పంచ్ భర్త మాటిచ్చాడట. రాజేందర్‌కు ఆయన వరసకు మామ. నిన్ను తీసేయించినవాడు నీ పరువు కాపాడుతున్నాడు, దండం పెట్టుకో అన్నట్టు చెప్పాడు రాజేందర్.

పుష్ప పది రోజులు ఆలోచించింది. గిన్నెలు తోముతూ, సిమెంటు దుమ్ము పట్టిన అతని డ్యూటీ బట్టలు రెండు నీళ్లలో జాడిస్తూ ఆలోచించింది. తర్వాత హైదరాబాద్‌లో వకీలుగా ఉన్న కాలేజీ హాస్టల్ స్నేహితురాలు మాలతికి ఫోన్ చేసి, ఆర్డర్ మొత్తం చదివి వినిపించింది. ఆ ఒక్క వాక్యం దగ్గర గొంతు తగ్గించింది.

"గట్టిగ సదువు, అదే కావాలె నాకు" అంది మాలతి. "ప్రొబేషన్‌ల ఉన్నోళ్లను పనితీరు బాగలేదని ఒక్క ముక్క రాసి పంపిస్తె కొట్లాడుడు కష్టం. నీ నడవడిక మీద మచ్చ పెట్టి తీసేసిండ్రు. మచ్చ పెట్టాల్నంటె నోటీసియ్యాలె, ఎంక్వైరీ చెయ్యాలె, నీ మాట ఇనాలె. ఏదీ చెయ్యలేదు. హైకోర్టుల రిట్ పిటిషన్ ఏద్దాం. గెలుస్తమని రాసియ్యను. కని ఆలస్యమైతె ఇన్నొద్దులు ఏం జేసినవని కోర్టు అడుగుతది. ఇంకోటి, నువ్వు ఆ రాజీనామా మీద సంతకం పెట్టినవనుకో, ఇగ నేను కాదు, ఎవ్వలూ ఏం జెయ్యలేరు."

తను సిగ్గుతో దాచుకున్న వాక్యమే తన చేతిలో ఉన్న ఒకే ఒక్క బలమని పుష్పకు ఆ రాత్రంతా నమ్మబుద్ధి కాలేదు. బుధవారం రాజేందర్ డ్యూటీకి వెళ్లాక బీరువాలోంచి పాస్‌పోర్టు తీసుకుని, మాలతి ఫోన్లో పంపిన కాగితాలు ప్రింటు తీయించుకుని, మొదటిసారి ఒంటరిగా మెట్రో ఎక్కి ఎంబసీకి వెళ్లింది. అఫిడవిట్ మీద ముద్ర వేసే గుమాస్తా ఆ వాక్యం చదివి, ఆమెను కిందికీ పైకీ చూసి, ముద్ర వేసి, తర్వాతివాళ్లను పిలిచాడు. అంతే. భూమి చీలలేదు.

"కవరు తే" అని హాల్లోంచి కేకేశాడు రాజేందర్.

పుష్ప చేతులు కడుక్కుని కవరు తెచ్చింది. అంటించి ఉంది. లింబాద్రి తీసుకోలేదు.

"ఏమనుకోకు చెల్లె, ఎవ్వలిదైన ఇప్పి సూసినంకనే నేను తీస్కపోత. ఎయిర్‌పోర్టుల అడిగితె జవాబు జెప్పేది నేను."

డబ్బాలోవన్నీ అట్లా చూపించి పెట్టినవే. గల్ఫ్‌లో అది ఎవరూ తప్పుపట్టని రివాజు. "సూపియ్యి, రాజీనామా కాయితమే గద" అన్నాడు రాజేందర్ పళ్లు కుట్టుకుంటూ.

పుష్ప కవరు చించింది. లోపల మాలతి పేరున వకాలత్, ముద్ర పడిన అఫిడవిట్, ఆర్డర్. ఆర్డర్ విప్పింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ పూర్తిగా వినని ఆమె గొంతు, చెత్త ట్రాక్టరు మైకులో చెప్పినంత స్పష్టంగా పలికింది.

"సదరు కార్యదర్శి నడవడిక మహిళా ఉద్యోగికి తగిన విధంగా లేదనియు, ట్రాక్టరు డ్రైవరుతో వేళగాని వేళ తిరుగుచున్నదనియు ఫిర్యాదు అందినందున, ప్రొబేషన్‌లోనే సర్వీసు నుండి తొలగించడమైనది."



"గా వేళగాని వేళ పొద్దుగాల ఆరు, అన్నా" అంది లింబాద్రితో. "మోరీల ఫొటోలు తీసేటి టైము. ఇది హైదరాబాద్‌ల మాలతి వకీలుకు ఇయ్యి, హైకోర్టుకు పోతది. రాజీనామా ముండ్లు సుట్టి పారేసేతందుకు పనికొచ్చింది, చెత్తల ఉన్నది."

లింబాద్రి కాగితాలు అందుకున్నాడు. వాటిని మడిచి, డబ్బాలో కాకుండా మెడకు వేసుకున్న పాస్‌పోర్టు సంచిలో పెట్టుకున్నాడు.

రాజేందర్ ముఖం నల్లబడింది. "నలుగుట్ల ఇజ్జత్ తీస్తివి గదనే" అన్నాడు.

"తీసినోళ్ల సంతకం ఆ ఆర్డర్ కింద ఉన్నది" అంది పుష్ప. "సదువుకోండ్రి."