చిలక బిస్కత్తుల తెలుపు

చక్కెరకు అంత తెలుపు తనంతట తాను రాదు, పాలు పోస్తే మీగడ రంగు తిరుగుతుంది, నీళ్లు పోస్తే ఆరేసరికి పొడిపొడిగా రాలుతుంది, పోయిన గురువారం కోడలు జయలక్ష్మమ్మ చేసిన చందమామ బిస్కత్తు మీది పూత మాత్రం ఆరి, బిగిసి, గోటితో గీరినా రాలకుండా పింగాణీలా మెరిసింది, అంటే చక్కెర కాక, తడి కాక, మూడో వస్తువేదో అందులో పడింది, ఆ వస్తువు పేరును సుబ్బలక్ష్మమ్మ మనసులో సైతం పలకదలచుకోలేదు, పలకనంత మాత్రాన అది ఊరుకుంటుందా, కోలగా, తెల్లగా కళ్లముందు దొర్లుతూనే ఉంది, పూజగది గోడకు వీపానించి కాళ్లు చాపుకొని ఆమె నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది, వేళ్ల మధ్య ఒత్తగానే తోలులోంచి పప్పు జారి గిన్నెలో పడుతోంది, ఏటేటా ఈ చలికాలంలో చేసే పనే, ఆ జారుడు వేళ్లకు హాయిగా ఉండవలసింది, ఇవాళ ఎందుకో ఒళ్లు జలదరిస్తోంది, వీపు వెనక గోడ చల్లగా, నున్నగా ఉంది, వంటింట్లో కిరోసిన్ స్టవ్వు బుసకొడుతోంది, దాని మీద పెట్టిన బిస్కత్తులు కాల్చే రేకుపెట్టె కాగుతున్న వాసన, అందులో వెన్న కరుగుతున్న వాసన, ఒంటిగంట బస్సుకు బాగేపల్లి నుంచి పుట్టమ్మ చింతామణిలో దిగుతుంది.

పుట్టమ్మ వచ్చేది కాకపోతే ఈ చింతే లేదు, ఆమె తనకు ఐదేళ్లు చిన్నది, ఒక్క కడుపున పుట్టిన చెల్లెలు, భర్త పోయిన ఏడు కైవారం గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకొని ఒక నియమం పట్టింది, తన చేతి వంట తప్ప ఎవరింట్లోనూ ఏదీ ముట్టదు, పద్దెనిమిదేళ్లుగా ముట్టలేదు, కన్నకూతురి ఇంటికి పోయినా సత్తుగిన్నె, గుప్పెడు బియ్యం సంచిలో పెట్టుకొనే పోతుంది, ఒక్క ఈ ఇంటికే మినహాయింపు, అదీ అక్క నోట చూస్తిననే మాట వచ్చాకే, నువ్వు చూస్తివంటే నేను చూసినట్టేనక్కా అంటుంది, కాబట్టి పద్దెనిమిదేళ్ల నియమం మొత్తం నిలబడి ఉన్నది సుబ్బలక్ష్మమ్మ నాలుక మీద, ఆ తెలుపులో ఆమె అనుమానించిన వస్తువే ఉంటే ఆ పద్దెనిమిదేళ్లూ ఒక్క ముక్కతో కూలిపోతాయి, కూల్చినది కోడలి చెయ్యి అని లోకం అనవచ్చుగాక, చూస్తినని చెప్పిన నోరు మాత్రం తనది, పైగా కోడలు చిన్నత్త కోసమని ప్రత్యేకంగా చిలకలు చేస్తోంది, చిన్నప్పుడు పుట్టమ్మ చిలకను పెంచిందని ఎవరో చెప్పారట, నిన్ననే బజారులో దీపాలు చేసే పాపన్న దగ్గర కిరోసిన్ డబ్బా రేకుతో చిలక ఆకారం వంచి తెప్పించింది, అంత శ్రద్ధ దేనికి, శ్రద్ధ ఎక్కువైన చోట కప్పిపుచ్చవలసినది ఏదో ఉంటుందని తన అత్త చెప్పేది.

ముందు గంప, గంప తరువాత పెంకు, పెంకు తరువాత పూత, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి తప్ప ఏదీ ఊరికే రాలేదు, తోట నుంచి వెన్న తెచ్చే చౌడమ్మ నెల రోజులుగా వీధి వాకిలి మానేసి పెరటి వాకిట్లో గంప దించుతోంది, వెన్న ముద్ద కింద ఆకులు, ఆకుల కింద ఇంకేదో, కోడలు దాన్ని చెంగు చాటున అందుకొని గోడవారకు పోతుంది, ఏమే చౌడీ గంపలో ఏముండాదే అని పొద్దున అడిగితే, ఏముంటాదమ్మా, వెన్న ఉండాది, నా తలరాత ఉండాది, రెండిట్లో మీకేది కావాల అని అది పకపక నవ్వింది, నీ తలరాత నాకెందుకే, ఆకుల కింద ఏముండాదో చెప్పు అంటే నవ్వు ఆపి కొంగు సర్దుకొంది, కోడలమ్మ అడిగిండేది కోడలమ్మకే ఇస్తా, మీకు చెప్తే ఆయమ్మ నన్ను తిట్టదా, అయినా ఈ పెరటి వాకిలికి గంపలు కొత్తనా ఏమి, మా అవ్వ కాలం నుంచీ వస్తానే ఉండాయి కదమ్మా అంది, ఆ మాటకు సుబ్బలక్ష్మమ్మ గొంతు తనకే తెలియకుండా లేచింది, పని చూసుకో పోవే, మీ అవ్వ ముచ్చట ఎవరడిగినారు అని కసిరింది, ఎందుకు అంతగా కసిరిందో అప్పుడు ఆలోచించలేదు, ఆలోచించడానికి పెంకు ముక్క ఉంది కదా, మొన్న రోజా చెట్టు మొదట్లో కనిపించిన ముక్క, గోరంత కూడా లేదు, వేళ్ల మధ్య పెట్టి నలిపిందో లేదో అది ఏమిటో తెలిసిపోయింది, గోడ మీంచి విసిరి, చింతపండు పులుసుతో మూడుసార్లు చేతులు రుద్దుకొంది, రుద్దుకొంటుంటే గోళ్లలో ఎప్పటిదో నీచు వాసన, ఎండిన పెంకుకు వాసనేమిటి, అయినా వచ్చింది.

కొడుకు ఆదినారాయణప్పతో చెబితే వింటాడా, నీకన్నీ అనుమానాలేమ్మా అని చెప్పులు తొడుక్కొని బెల్లం మండీకి పోయాడు, కోడలు చిక్కబళ్ళాపురం పిల్ల, బెంగుళూరులో వంటను పాఠంగా చదివి వచ్చింది, వంట కూడా ఒక పాఠమా, చూసి నేర్చుకోవలసినదాన్ని పుస్తకంలో రాసుకొన్నవాళ్లు రాసుకొన్నదంతా ఇంటికి తెస్తారు, ఏది మనకు చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది పుస్తకం చెప్పదు, సుబ్బలక్ష్మమ్మకు మాత్రం చక్కెర పని తెలియదా, నలభై ఏళ్లు కొయ్య అచ్చుల్లో చక్కెర బొమ్మలు పోసింది, పాకంలో పాలు చిలకరించి, పైకి తేలిన తెట్టును గంటెతో తీసి, మళ్లీ చిలకరించి, అచ్చు విప్పితే ఏనుగు, తులసికోట, చెరకుగడ తెల్లగా నిలబడేవి, ఊరివాళ్లంతా ఆ తెలుపునే పొగిడేవాళ్లు, కానీ ఆ తెలుపు వేరు, అది నోట్లో కరిగే తెలుపు, ఇది గోడల మీద ఉండే తెలుపు, ఇదిగో, వంటింట్లో ముళ్ల చెంచా పింగాణీ గిన్నెకు తగులుతూ టకటక మొదలైంది, ముందు పలచగా, నీళ్లలో కొట్టినట్టు, ఇప్పుడు కాస్త మందంగా, ఇంకాసేపటికి చప్పుడే వినపడదు, నురుగు బిగిస్తే చెంచా చప్పుడును మింగేస్తుంది, ఆమె పితకడం ఆపి ఆ క్షణం కోసం చెవి ఒగ్గింది, చప్పుడు ఆగింది, ఆగిందంటే బిగిసింది, బిగిసిందంటే అది పడింది, ఆమె మోకాళ్ల మీద చేతులు మోపి లేచింది, ఇవాళ పట్టుకోవలసిందే.

వాకిట్లో నిలబడగానే కోడలు తలెత్తి రాండత్తా అంది, ముఖాన పిండి, ముంజేతి దాకా చక్కెర, పీట మీద వరుసగా చిలకలు, కాలి బంగారు రంగు తిరిగినవి, పాపన్న వంచిన ముక్కు కొంచెం పెద్దదై చిలకలన్నీ గద్దల్లా ఉన్నాయి, పాలకూర పసరు ఒక గిన్నెలో, బీట్రూట్ రసం ఒక గిన్నెలో, మధ్యన ఆ తెలుపు, సుబ్బలక్ష్మమ్మ చూపు నేలంతా వెతికింది, పొయ్యి వెనక, తొట్టి కింద, పెంకులు లేవు, పిండేసిన నిమ్మచెక్కలు ఏడెనిమిది ఉన్నాయి, వారం నుంచి అడగలేక అడుగుతాండారు మీరు, అడిగేస్తే తీరిపోతాది కదత్తా అంది కోడలు, గొంతులో కోపం లేదు, అలసట ఉంది, గుడ్డు ఏసినానా అనే కదా, కాలేజీలో మేడమ్ తెల్లసొన ఏసే చూపించె, నేనెందుకు అబద్ధమాడాల, మనింట్లో యాడేస్తాను, చక్కెర నూరి పలచని గుడ్డలో జల్లించి, నిమ్మపులుసు చుక్కచుక్కగా ఏసి అరగంట గిలక్కొడితే ఇదీ ఇట్లే బిగుస్తాది, చేయి పీకుతాది అంతే, చూడండి అని ఇంకో గిన్నెలో పొడి చక్కెర వేసి, కళ్లెదుటే నిమ్మచెక్క పిండి, గిలకొట్టడం మొదలుపెట్టింది, టకటక పలచగా, ఆపైన మందంగా, ఆపైన చప్పుడు లేదు, చెంచా ఎత్తితే తెలుపు ముక్కులా నిలబడింది, మరి గంపలో ఏముండాదే అని సుబ్బలక్ష్మమ్మ అడిగింది, ఆ ప్రశ్నకు బలం లేదని ఆమెకే తెలుస్తోంది, పెంకులత్తా, ఒట్టి పెంకులు, రోజా గిడకి సున్నం చాలక మొగ్గలు రాలిపోతాండాయి, మీరు చూస్తే బాధపడతారని చౌడిని చెప్పొద్దంటిని, అదీ తప్పే, ఒప్పుకొంటా, అని కోడలు కాగితపు పొట్లంలో తెలుపు నింపి, ఒక చిలక కంటి చుట్టూ ముగ్గు చుక్క పెట్టినంత ఒడుపుగా వలయం గీసి, తలెత్తకుండానే అంది, నాకొకటి తెలీలేదత్తా, గుడ్డు ఏస్తే తెలుపు ఇట్లా బిగుస్తాదని మీకెట్ల తెలిసె, మీరు జన్మలో ముట్టిండేది లేదు కదా.

గింజలు ఎండిపోతాండాయి అని ఏదో అని ఆమె వచ్చి మళ్లీ గోడ దగ్గర కూర్చుంది, కానీ వీపు ఆనలేదు, గోడకూ వీపుకూ మధ్య జానెడు ఖాళీ, ఎట్ల తెలిసె, ఎట్ల తెలిసె, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నవాడికి ఎట్ల తెలుస్తుందో అట్ల, అప్పటి తను, పన్నెండేళ్ల పిల్ల, తడిబట్టతో రాతితొట్టి ముందు కూర్చుని ఉంది, మామ చెన్నరాయప్ప పూజగది కట్టిస్తున్నాడు, గోడ అద్దంలా ఉండాల, దీపం పెడితే రెండు దీపాలు కనపడాల అన్నాడు, సున్నపు గారపని చేసే బయ్యప్ప తల గోక్కుని, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తా స్వామీ, అద్దం కావాలంటే మాత్రం తెల్లసొన కావాల అన్నాడు, మామ ఒక పూటంతా ఆలోచించి సరే అన్నాడు, అయితే దేవుడి గోడ కదా, కూలివాళ్ల చేతులతో కొట్టిన గుడ్లు పనికిరావు, మడిచేతులే కొట్టాల, తలకు పోసుకొని, తడిబట్టతో, ఉపవాసంతో, ఇంట్లో అలా కూర్చోగలిగినది కొత్త కోడలొక్కతే, చౌడమ్మ అవ్వ పెరటి వాకిట్లో గంప మీద గంప దించేది, ఆకుల కింద గుడ్లు, తను ఒక్కొక్కటే తొట్టి అంచుకు కొట్టేది, తెలుపు వేళ్ల మధ్య నుంచి జారేది, పసుపు అరచేతిలో మిగిలేది, దాన్ని అవ్వ చట్టిలో వేసేది, వెదురు చీలికలతో గిలకొడితే ముందు పలచని చప్పుడు, ఆపైన మందం, ఆపైన చప్పుడు లేదు, తొమ్మిది రోజులు, గోళ్లలో నీచు పోక చింతపండుతో రుద్దుకొని ఏడిస్తే అత్త నోరు మూసింది, తోడబుట్టినదానికి కూడా చెప్పగూడదే పిల్లా, మనింటి గోడ మర్యాద అంది, గోడ ఆరింది, మెరిసింది, ఏడేళ్ల పుట్టమ్మ పూజగది ప్రవేశానికి వచ్చి అందులో తన ముఖం చూసుకొని, అక్కా, నేను దేవుడింట్లో ఉండాను చూడు అని గంతులేసింది, సుబ్బలక్ష్మమ్మ ఆరోజు ఏమీ చెప్పలేదు, మరునాడు చెప్పలేదు, చెప్పని రోజు ఒకదాని మీద ఒకటి పూతలా పడి, ఆరి, బిగిసి యాభై ఏళ్లయింది.

వీధి వాకిట్లో చెప్పుల చప్పుడు, అక్కా, ఏం బస్సే అది, కుదిపి కుదిపి మజ్జిగ చేసె నన్ను, అంటూ పుట్టమ్మ కాళ్లు కడుక్కొని, సంచి కింద పెట్టి, అలవాటుగా నేరుగా పూజగది గోడ దగ్గరికి పోయి నుదురు ఆనించింది, అబ్బ, ఈ గోడంత మడి యాడా లేదక్కా అని, దానికే వీపానించి కూర్చుంది, కోడలు పళ్లెం తెచ్చి పెట్టింది, పచ్చని రెక్కలు, ఎర్రని ముక్కు, తెల్లని కన్ను, గద్దలాగ ఉండాయే జయమ్మా నీ చిలకలు, నన్ను పొడవవు కదా అని పుట్టమ్మ చిన్నపిల్లలా నవ్వి, ఒకటి అందుకొని, నోటి దాకా తెచ్చి ఆపింది, ఆగవలసిన చోటే ఆగింది, అక్కా, చూస్తివా చేసేటప్పుడు అని అడిగింది, సుబ్బలక్ష్మమ్మ కోడలి వంక చూసింది, కోడలు నేల వంక చూస్తోంది, వారం రోజుల అనుమానాన్నంతా కొంగున కట్టుకొని నిలబడినట్టు నిలబడింది, చూస్తిని పుట్టీ, చక్కెర, నిమ్మపులుసు, నా కండ్లతో చూస్తిని, ఇందులో లేదు, అంది, కోడలు చివ్వున తలెత్తింది, పుట్టమ్మ చిలక తోక కొరికి, ఏది లేదక్కా అని నములుతూ అడిగింది, సమాధానం కోసం కాదు, మాటకు మాటగా, అడిగి మరిచిపోయింది కూడా, తింటోంది, పులుపు బాగుండాదే అంటోంది, నున్నని గోడ మీద ఆమె నెరిసిన తల నీడలా కదులుతోంది, సుబ్బలక్ష్మమ్మ గిన్నెలోంచి ఒక అనపగింజ తీసి ఒత్తింది, పప్పు జారింది, ఇన్నేళ్లూ ఈ ఇంట్లోకి ఎవరు ఏమి తెస్తారోనని తను ప్రతి గంప మీదా కన్నేసి ఉంచిందే, ఆ వస్తువు ఏనాడో వచ్చేసింది, తలకు పోసుకొని, ఉపవాసముండి, తడిబట్టతో, తన రెండు చేతులతో తనే తెచ్చి దేవుడి వెనక పూసింది, గోడలో అది ఉందని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇంక తనొక్కతే, పుట్టమ్మకు చెప్పవలసిన నోరు కూడా తనదే.