ఇంటికి దగ్గరైన సభ

కొత్త రాష్ట్రం వచ్చిందని రాయపూర్ శంకర్ నగర్ వీధుల్లో టపాసులు పేలుతున్న ఉదయం ఊర్మిళ పెరట్లో కూర్చుని చేపల పొలుసు తీస్తోంది. వరండాలో మిఠాయి పంచుతున్న భర్త భీమారావు నోట్లో లడ్డూతోనే లోపలికొచ్చాడు.

"ఇంక భోపాల్ గొడవ ఖతమ్. శాసనసభ ఇక్కడే, కార్లో పది నిమిషాలు. మధ్యాహ్నం విరామంలో వచ్చి అన్నాలు వడ్డించి వెళ్ళిపోవచ్చు. బస్, ఇంకేం కావాలే నీకు?"

మంచం మీదున్న అత్తగారు దాలమ్మ అందుకుంది. "అవునొరే, రేత్తిరి రైలెక్కి దేశాలు పట్టుకెల్లడం తప్పింది. నా కాళ్ళకి నూని రాసీ దిక్కుంటాది."

ఊర్మిళ చేప మొప్పల్లోంచి వేళ్ళు తీసి నీళ్ళలో కడుక్కుంది. ఊరంతా సంబరపడుతున్న రోజున తనకి ఏడుపు ఎందుకొస్తోందో ఎవరికి చెప్పగలదు? అందరికీ రాష్ట్రం వచ్చింది. ఆమెకి భోపాల్ పోయింది.

ఎమ్మెల్యే అవ్వాలని ఊర్మిళ ఎప్పుడూ అనుకోలేదు. భీమారావు రైల్వే వర్క్‌షాపులో యూనియన్ నాయకుడు. సర్కారు ఉద్యోగం వదులుకోవడం ఇష్టంలేక, పార్టీ ఇచ్చిన టికెట్టు పెళ్ళాం పేరు మీద తీసుకున్నాడు. ఆమె గెలిచింది. దండలు ఆయన మెడలో పడ్డాయి. ఎమ్మెల్యే ఫోను ఆయన కూర్చునే గదిలో ఉండేది. వచ్చినవాళ్ళు ఆయనతో మాట్లాడేవారు, ఆమె టీలు పెట్టేది. ఎవరైనా పెద్దమనిషి "మేడమ్ ఎక్కడ?" అని అడిగితే, "ఏమే, ఓసారి ఇలా రా, దండం పెట్టి వెళ్ళు" అని కేకేసేవాడు.

కానీ సభకి మాత్రం ఆమే వెళ్ళాలి. ఆయనకి సెలవు దొరికేది కాదు. అలా రెండేళ్ళలో కొన్ని వారాలు భోపాల్‌లో, ఎమ్మెల్యేల విశ్రాంతి గృహంలో, కిటికీ పక్కన మంచం ఉన్న గదిలో ఆమె ఒక్కతే గడిపింది. మొదటిరోజు పొద్దున్న తలుపు తట్టి అటెండరు టీ ట్రే తెస్తే ఊర్మిళ కంగారుగా లేచి ఆ ట్రే తన చేతుల్లోకి లాక్కుంది. "మీరు తాగారా?" అని అడిగింది. ఆ మనిషి పకపకా నవ్వింది. "మీరు కూర్చోండి దీదీ. ఇది నా డ్యూటీ."

ఆమె పేరు బిసాహిన్. ఊరు రాయపూర్ పక్కనున్న ఆరంగ్. మొగుడు విరిచిన కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది, అందుకని కూజా ఎప్పుడూ ఎడమచేత్తో ఎత్తేది. మేనమామ పుణ్యమా అని ఈ ఉద్యోగం దొరికి, ఎవరికీ చెప్పకుండా ఇంత దూరం వచ్చేసింది. సభలో కూడా ఆడ సభ్యుల దగ్గర ఆమెకే డ్యూటీ వేసేవారు. ఊర్మిళ మాట్లాడటానికి లేచి గొంతు తడారిపోయి నిలబడితే, అడక్కుండానే గ్లాసు చేతి దగ్గరికి వచ్చేది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. జ్వరంతో పడుకున్నా తన నీళ్ళు తనే లేచి ముంచుకుంది. అడక్కుండా ఇచ్చిన మొదటి మనిషి ఈమే. పక్క దులపడం, టీ అందించడం, ఎవరికి ఏం కావాలో వాళ్ళ మొహం చూసి కనిపెట్టడం. ఇది ఉద్యోగమట. దీనికి జీతం ఉంటుందట, వారానికో సెలవుంటుందట, ముసలితనంలో పింఛను కూడా వస్తుందట! ఆ మాట తెలిసిన రాత్రి ఊర్మిళకి చాలాసేపు నిద్రపట్టలేదు. తర్వాత పట్టింది. భోపాల్‌లో ఆమెకి బాగా నిద్రపట్టేది.

రాష్ట్రం విడిపోతుందని ఖాయమయ్యాక సిబ్బందిని పంచుతున్నారని తెలిసింది. ఆఖరి సమావేశాలప్పుడు బిసాహిన్ గది తలుపు దగ్గరగా వేసి నేలమీద కూర్చుంది.

"సొంత జిల్లా రాయపూర్ కదా, అక్కడికే పంపుతామంటున్నారు దీదీ. నన్నిక్కడే ఉంచమని పెద్దసారుకి మీరొక్క మాట చెప్పండి. ఊరికెళితే వాడు నన్ను బతకనివ్వడు."

ఊర్మిళ ఇంటికి రాగానే భర్తతో చెప్పింది. సచివాలయంతో మాట్లాడేది ఎప్పుడూ ఆయనే. "చూస్తాలే" అన్నాడు. వారం పోయాక మళ్ళీ అడిగింది. "చెప్పేశానన్నానుగా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాడు. ఆమె నమ్మింది.

డిసెంబరులో రాయపూర్‌లో తొలి సమావేశాలు మొదలయ్యాయి. కొత్త రంగు వాసన కొడుతున్న సభలో, ఆడవాళ్ళ గది గుమ్మం పక్కన స్టూలు మీద బిసాహిన్ కూర్చుని ఉంది. ఊర్మిళని చూసి లేచి నిలబడింది. కోపం లేదు, నవ్వూ లేదు.

"మర్చిపోయారా దీదీ?"

"నువ్వు... నువ్వెలా వచ్చావు?"

"ఆర్డరు వచ్చింది, వచ్చాను. క్వార్టర్లు ఇంకా ఇవ్వలేదు. ఆరంగ్ నుంచే బస్సులో వస్తున్నాను. ఆ ఇంట్లోనే ఉంటున్నాను."

ఆ రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఊర్మిళ అడిగింది. భీమారావు తల ఎత్తలేదు.

"చెప్పలేదు. మన రాష్ట్రం మనకొస్తే, మన మనిషిని భోపాల్‌లోనే ఉంచమని మన ఎమ్మెల్యేయే అడిగిందని పేపరోళ్ళు రాస్తే నా పరువేం కాను? అయినా పెళ్ళాం మొగుడి దగ్గరికి చేరిందంటే నీకెందుకే నొప్పి? పప్పు వెయ్యి."

ఆమె పప్పు వేసింది. అలా వేసినందుకు ఆ తర్వాత చాలా రోజులు తన చెయ్యి తనకే పరాయిదిగా తోచింది.

సమావేశాల చివరిరోజు పార్టీ ఆమెకో పని అప్పజెప్పింది. ఏడాది ముగుస్తోంది కాబట్టి ఆడ సభ్యురాలిగా సిబ్బందికి ధన్యవాదాలు చెప్పాలి. భీమారావు హిందీలో ప్రసంగం రాసిచ్చి రెండుసార్లు చదివించుకున్నాడు. "ఒత్తులు సరిగ్గా పలుకు. నవ్వు మొహం పెట్టు."

ఊర్మిళ లేచింది. భద్రతా సిబ్బందికి, రిపోర్టర్లకి, క్యాంటీను వాళ్ళకి వరసగా కృతజ్ఞతలు చదివింది. సభ్యులు బల్లలు చరిచారు. తర్వాతి వాక్యం, "ఏళ్ళ తరబడి పరాయి ఊళ్ళో కష్టపడి, ఈ ఏడాది సొంత ఇంటికి చేరుకున్న సోదరీమణులకు అభినందనలు." చదవబోతూ తల ఎత్తింది. గుమ్మం దగ్గర బిసాహిన్ నిలబడి ఉంది. పమిట తల మీదుగా ముందుకి లాక్కుంది గానీ, పగిలిన పెదవి, మూసుకుపోయిన ఎడమ కన్ను దాగలేదు.

ఊర్మిళ కాగితం మడిచింది.

"వీళ్ళలో ఒకామె ఇంటికి వెళ్ళనని నన్ను బతిమాలింది" అంది. "మనం పంపాం. ఇవాళ ఆమె మొహం చూడండి. మనం చెప్పాల్సింది ధన్యవాదాలు కాదు."

సభలో ఎవరో నవ్వారు. వెనకనుంచి "ఇది సంతోష సమయం మేడమ్" అని ఒక గొంతు వినబడింది. గంట మోగింది. అధ్యక్ష స్థానం నుంచి "గౌరవ సభ్యురాలి భావోద్వేగాన్ని అర్థం చేసుకుంటున్నాం" అని ప్రకటన వచ్చింది, తర్వాతి సభ్యుణ్ణి పిలిచారు. ఒక్కరూ గుమ్మం వైపు చూడలేదు. బిసాహిన్ మాత్రం పమిట ఇంకాస్త కిందికి లాక్కుంది. ఆమెను అందరి ముందూ నిలబెట్టేశానా అని ఊర్మిళకి లోపల కోసినట్టయింది.

సభ వాయిదా పడ్డాక ఊర్మిళ కిటికీ లోంచి బయటికి చూసింది. గేటు అవతల గోడవారన ఒకడు గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పక్కకొచ్చి నిలబడ్డ బిసాహిన్ చూపు వాడిమీదే ఉంది. గేటు ఇవతల తన కారు, అందులో ముందుసీట్లో భీమారావు. ఆమె సభలో అన్న మాటలు ఎవరో అప్పుడే చేరవేసినట్టున్నారు, హారను ఆపకుండా కొడుతున్నాడు.

"నాతో రా" అంది ఊర్మిళ.

"ఎక్కడికి దీదీ?"

చెప్పకుండా ఆమె చెయ్యి పట్టుకుంది. రెండేళ్ళలో మొదటిసారి, భర్తని అడక్కుండా సచివాలయం గదిలోకి నడిచింది. సభ్యుల వసతి చూసే అధికారి లేచి నిలబడ్డాడు.

"ఇక్కడి విశ్రాంతి గృహంలో నాకొక గది కావాలి. ఇవాళ్టినుంచే. ఈమె డ్యూటీ అక్కడ వేయండి. ఉండటం కూడా అక్కడే."

ఆయన ఇబ్బందిగా కళ్ళజోడు సర్దుకున్నాడు. "గదులున్నాయి మేడమ్. కానీ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళకి ఇవ్వాలంటే కారణం రాయాలి. ఏమని రాయమంటారు?"

"ఇంట్లో బతకలేక, అని రాయండి."

ఆయన కలం ఆగింది. బిసాహిన్ మొహంకేసి చూసి, చూపు తిప్పుకున్నాడు. బయట హారను మోగుతూనే ఉంది.

"ఎవరు మేడమ్? ఈవిడేనా?"

"ఇద్దరం" అంది ఊర్మిళ.