రాయికి రెడాక్సైడ్

గోవింద్‌పూర్ దాటాక, గుట్ట మొదట్లో ఉన్న నల్లరాతికి కాపలా మనిషి కావాలంటే కాంట్రాక్టు పెయింటరు పోలరాజు వెళ్ళాడు. బాగా చూసుకుంటే పర్మనెంటు చేయిస్తానన్నాడు రాళ్ళ ఆఫీసు సాహెబు. ఆ పర్మనెంటు కోసమే పోలరాజు సగం జీవితం కార్ఖానా గేటు బయట నిలబడి పోగొట్టుకున్నాడు. రాయికి కాదు, దెయ్యానికి కాపలా ఉండమన్నా ఉండేవాడే.

సాహెబు చుట్టూ ఇనప కంచె వేయించి, బోర్డు పెట్టించాడు. నీళ్ళ అడుగున పొంగిన లావా చల్లారి తలగడల్లా గట్టిపడిందనీ, వాటి అంచులు చూడమనీ దానిమీద హిందీలో ఉంది. పోలరాజు కూడబలుక్కుని చదివాడు. నీళ్ళలో నిప్పేమిటో, రాతిలో తలగడలేమిటో బోధపడలేదు. సాహెబు చివర్లో అన్న ముక్క ఒక్కటే బుర్రకెక్కింది. దీన్ని కాపాడాలి.

కాపాడటం తనకి తెలియనిదా? ఈ ఇనప కార్ఖానా ఊళ్ళో గర్డరైనా, ట్యాంకైనా, గేటైనా కాపాడాలంటే తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టాల్సిందే. కంచెకి పూయగా డబ్బాలో ఎర్రరంగు మిగిలింది. రాతికి సగం దాకా వచ్చింది.

మర్నాడు సాహెబు కాలేజీ పిల్లలతో వ్యాను దిగి, కంచె పట్టుకుని నిలబడిపోయాడు.

"యే క్యా కియా?" ఇదేం పనన్నాడు.

"ఆధా హుఆ సాబ్. ఇంకో డబ్బా ఇప్పిస్తే మిగతా సగమూ..."

పిల్లలు పగలబడి నవ్వారు. పోలరాజు కంగారుపడి, రంగు గోకేద్దామని తీగల బ్రష్షు తీశాడు.

"హాథ్ మత్ లగానా!" ముట్టుకోవద్దని సాహెబు అరిచిన అరుపుకి బ్రష్షు జారిపోయింది. ఉద్యోగం సంగతి పై ఆఫీసరుని అడిగి రేపు చెబుతానని, అందాకా ఇక్కడే ఉండమని చెప్పి వ్యానెక్కేశాడు.

మధ్యాహ్నం భార్య నూకమ్మ కూడు తెచ్చింది.

"ఏటి మావా, పర్మనెంటు అయిపోనాదేటి?"

"తెల్దే. రాయిని ముట్టుకోవద్దన్నాడు."

"ముట్టుకోకుండా కాపలా ఎలాగ కాత్తావు?"

"అదే నాకూ తెలీడం లేదు."

"అడగలేకపోనావా? నా మీదైతే లేత్తాది నోరు!"

దల్మా కొండల వైపు నుంచి వాన వచ్చిపడింది. పోలరాజు టార్పాలిన్ పట్టుకుని కంచెలోకి పరిగెత్తి, రాతి ముందు ఆగిపోయాడు. కప్పితే ముట్టుకున్నట్టా? కప్పకపోతే కాపాడనట్టా? అసలు వాళ్ళు కాపాడమన్నది దేన్నుంచి?

"కప్పుతావా, మానేత్తావా? తడిసిపోతన్నావు!" నూకమ్మ కేకేసింది.

పోలరాజు బయటికొచ్చి, కంచె తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే ఉంచుకో. నానడిగినా ఇవ్వకు."