తెల్ల సోఫా తుడిచే చెయ్యి

ప్రతి శనివారం పొద్దున్నే రిన్స్కే తెల్లతోలు సోఫా తుడుస్తుంది. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులిపి, తర్వాత మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి, సబ్బు నురగ మాత్రం అద్ది రుద్ది, ఆరాక క్రీము పట్టిస్తుంది. గట్టిగా తోమితే రంగు ఊడుతుంది, బద్ధకిస్తే మరక తోలులోకి దిగిపోతుంది. కొత్త జీన్స్ వేసుకుని ఎవడైనా కూర్చున్నాడా, ఆ నీలిమరకతో తల ప్రాణం తోకకొస్తుంది.

నీలిమరకలు ఒక ఎత్తు, బూడిదరంగువి ఒక ఎత్తు. లేతరంగు తోలు కూర్చున్నవాళ్ళ కోపం పీల్చుకుని అలా బూడిదమరకలు కడుతుంది. తుడిచినవాళ్ళ చేతికి ఆ కోపం ఎక్కుతుంది. కొన్న రోజున దుకాణంవాడు ఎండ తగలనివ్వకండని చెబుతూ ఆ సంగతి కూడా చెప్పాడు. మొగుడు హెస్సెల్ అంతా విని, తలూపి, గుడ్డ తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు.

అప్పట్నించీ అతగాడికి హాయే హాయి. ఆఫీసులో చీవాట్లు తిని వచ్చినా కాసేపు సోఫాలో కూలబడి ఈల వేసుకుంటూ లేస్తాడు. వాళ్ళమ్మ యెల్లీ ఎవరినో తిట్టుకుంటూ వస్తుంది, కాఫీ తాగి నవ్వుతూ పోతుంది. రిన్స్కే మాత్రం వంటింటి స్టూలు మీదే. తను కూర్చుంటే మళ్ళీ తుడుచుకునేది తనే కదా, ఎందుకొచ్చిన బాధ? ఇంతా చేస్తే హార్లింగన్ ఊరంతా ఏమంటుంది, హెస్సెల్ బంగారం, పెళ్ళామే గయ్యాళి. ఏం నోళ్ళో ఏమో.

ఆ శనివారం యెల్లీ పుట్టినరోజు, వేడుక కొడుకింట్లోనే. రిన్స్కే గుడ్డ తడుపుతుంటే హెస్సెల్ వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళైనా ఆ మొహం కాస్త నవ్వుతూ పెట్టు. నీ కోపంతో వేగలేక చస్తున్నా. మారతావో, ఇల్లు వదిలి పోతావో తేల్చుకో."

"ఈ కోపం నాదా?"

"మరెవరిది? గుడ్డ పట్టుకునేది నువ్వేగా."

అంత తాపీగా అన్నాడు. రిన్స్కేకి ఒళ్ళు భగ్గున మండింది. గుడ్డ విసిరి కొట్టింది.

"పోను. ఈ ఇల్లు నాది కూడా. పోను, తుడవను. ఏం చేసుకుంటావో చేసుకో."

సోఫా చూస్తే కిటికీ పక్కనే. పట్టపగలు కర్టెను వేస్తే ఏదో దాస్తున్నారనుకునే ఊరది. దారినపోయేవాళ్ళు హక్కుగా లోపలికి చూసి పోతారు. పక్కింటావిడ అప్పటికే ఆగి, బూడిదమరకలు చూసి, కనుబొమలెత్తి మరీ వెళ్ళింది. హెస్సెల్‌కి తల కొట్టేసినట్టయింది. చచ్చినట్టు తనే గుడ్డ అందుకున్నాడు. తుడిచేకొద్దీ చెవులు ఎర్రబడ్డాయి.

గుడ్డ హెస్సెల్ చేతిలో ఉండగానే చుట్టాలొచ్చారు. గుండ్రంగా వేసిన కుర్చీలు, మనిషికో కేకు ముక్క. వచ్చినవాళ్ళు యెల్లీకే కాదు, గదిలో అందరికీ చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి, అది అక్కడి పద్ధతి.

"మీ అమ్మగారి పుట్టినరోజు శుభాకాంక్షలు హెస్సెల్," అన్నాడు అతని బావ.

"దేనికి, నన్ను కాల్చుకు తింటున్నందుకా?"

"ఏంట్రా ఆ మాటలు?" అంది యెల్లీ.

"నువ్వు నోరు ముయ్యమ్మా. వచ్చి కక్కి పోయేది నువ్వే."

అందరూ కేకు వంక చూశారు. యెల్లీ కోడలివైపు తిరిగింది.

"రిన్స్కే, వాడి చేతిలో ఆ గుడ్డ తీసుకోవే. అలవాటు లేదు పాపం."

"నాకు పుట్టుకతో అలవాటా అత్తయ్యా? ఇన్నేళ్ళు నేను మోస్తే గయ్యాళిని. వాడు ఒక్కపూట మోస్తే పాపమా?"

కుర్చీలన్నీ నిండిపోయాయి. రిన్స్కే ఆ కోపంతోనే వెళ్ళి సోఫాలో ఇద్దరు పిన్నుల మధ్య కూర్చుంది.

ఆమె కింద తోలు బూడిదరంగుకి తిరిగి, తర్వాత నల్లబడి, చేతులు పెట్టుకునే చోటిదాకా పాకింది. పిన్నులు గౌన్లు ఎత్తిపట్టుకుని లేచి పక్కకి జరిగారు. వీధిలో జనం ఆగారు. అయినా రిన్స్కే లేవలేదు, ఒంట్లో ఉన్నదంతా దిగేదాకా కూర్చుంది.

లేచాక ఒకసారి వెతుక్కుంది. కోపం లేదు. దాని కింద ఇంకేమన్నా ఉందేమోనని చూసుకుంది. ప్రేమా లేదు, భయమూ లేదు. పొద్దున పోనని పంతం పట్టించింది ఆ కోపమే. అది పోయాక ఈ ఇంట్లో తనని పట్టి ఉంచేది ఏదీ కనపడలేదు.

కోటు వేసుకుంది. పద్ధతి ప్రకారం గుండ్రంగా తిరిగి అందరితో చెయ్యి కలిపింది, యెల్లీతో కూడా.

హెస్సెల్ గుడ్డ నలుపుతూ అడ్డం వచ్చాడు. "ఎక్కడికి? ఇదంతా ఎవరు తుడుస్తారు?"

రిన్స్కే నిజంగానే ఆలోచించింది.

"ఏమో, నాకు తెలీదు," అంది మామూలుగా.

తలుపు కూడా మెల్లగానే వేసింది.