మాగన్నులో వైవా

డాక్టరేటంటే పుస్తకం రాసి ఇచ్చేస్తే అయిపోతుందనుకున్నాను. కాదట. కోర్సులు పాసవ్వాలి, వ్యాసాలు అచ్చులో రావాలి, పుస్తకానికి నల్ల అట్ట వేయించాలి, ఆఖరున వైవా, అంటే నోటి పరీక్ష. అదీ నలుగురి ముందు, తలుపులు బార్లా తెరిచి.

"ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు అమ్మమ్మా, అదీ రూలే" అంది మా మనవరాలు.

రూలన్నాక నేను కాదంటానా? ఉతికిన శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాను.

దాని పుస్తకమంతా నిద్ర గురించే. జబ్బులూ మందులూ కాదు, నిద్రకు మనకున్న మాటలు. తూగడం, జోగడం, కునుకు, మాగన్ను... చిన్నప్పుడు నా ఒళ్లో పడుకుని, "ఇప్పుడు నాకొచ్చింది ఏ నిద్ర?" అని అడిగేది. నిద్రపోయేవాళ్లు అలా అడుగుతారటే, అని నవ్వేదాన్ని.

పరీక్ష చేయడానికి వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన మూడో అధ్యాయం దగ్గర ఆగారు.

"కునుకూ మాగన్నూ ఒకటేగా అమ్మా? ఏదైతేనేం, కళ్లు మూతపడ్డమే కదా!"

"ఒకటి కాదండీ. కునుకులో కాసేపైనా నిద్రపోతాం. మాగన్నులో సగం ఇక్కడే ఉంటాం."

"ఉంటామని ఎలా తెలుసు? లేపి అడగాలి. లేచాక చెప్పేది నమ్మేదెలా?"

పిల్ల పుస్తకం పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పింది. ఆయన ఒప్పుకోకపోతే అధ్యాయం మళ్లీ రాయాలి, మళ్లీ వైవాకి నిలబడాలి. దగ్గరుండి పుస్తకం రాయించిన గైడు మేడం ముందే చెప్పారు.

నిజానికి నా గుండె దడదడలాడాలి. కానీ గది వెచ్చగా ఉంది. కిటికీ తెర ఊపిరి పీలుస్తున్నట్టు పొంగి, మళ్లీ తగ్గుతోంది. నల్ల అట్ట పుస్తకం మెత్తబడి తలగడ అయింది. అందులోంచి అక్షరాలు చీమల్లా బయల్దేరి, బారుగా నా శాలువా మీదికి ఎక్కాయి. ఒక్కటీ కుట్టలేదు. మా పిల్ల మళ్లీ గుప్పెడంత అయిపోయి వాటి వెనకాలే పాకుతోంది. మాటలు మాత్రం నీళ్లడుగున గులకరాళ్లలా ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

"ఆవిడెవరు?" పెద్దాయన గొంతు.

"మా అమ్మమ్మండీ."

"మీ పరిశోధన ఇంట్లోవాళ్లనే నిద్రపుచ్చిందే!"

అందరూ నవ్వారు.

"నిద్రా నా మొహమా! వింటున్నా నాయనా" అన్నాను, కళ్లు తెరవకుండానే. "లేచాక చెప్పేది నమ్మేదెలా అన్నారు మీరు. మా పిల్లకి జవాబు తట్టక నోరెండిపోయింది, కాసిని మంచినీళ్లివ్వండి. ఈ చీమల్ని మాత్రం దులపకండి."

పెద్దాయన గొంతు తగ్గించి, పసిపిల్లను అడిగినట్టు అడిగారు.

"ఏ చీమలమ్మా?"

"పుస్తకంలోవి. మూడో అధ్యాయానివి."

"ఇదేనండీ మాగన్ను" అంది మా మనవరాలు, గుసగుసగా. "లేపకుండానే అడిగారు. అమ్మమ్మ చెప్పింది."

కలం మూత తీసిన చప్పుడు వినిపించింది.

"మూడో అధ్యాయం అలాగే ఉండనివ్వండి" అన్నారాయన. "చప్పట్లు మెల్లగా కొట్టండి."

పక్కనెవరో "డాక్టరుగారి అమ్మమ్మ" అంటున్నారు. లేవచ్చు. కానీ చీమలింకా పుస్తకంలోకి తిరిగి వెళ్లలేదు. వాటికి దారివ్వాలి కదా, కదలకుండా కూర్చున్నాను.