మేతకు పోయే శాసనం

పొద్దెక్కి రాయి వెచ్చబడగానే శాసనంలోని అక్షరాలు దిగి కందిచేనులోకి మేతకు పోతాయి. పొద్దుగూకే ముందు తిరిగొచ్చి దేని గాడిలో అది ఒదిగిపోతుంది. నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద పోయే తోవలో, సంగయ్య చేను గట్టున నిలబడ్డ రాయి అది. అక్షరాలు పురుగుల్ని ఏరుకుని తింటాయి కనుక సంగయ్య కందికి మందు కొట్టడు. ఆ కంది ఎంత ఏపుగా పెరుగుతుందంటే, ఒకసారి అందులోకి ఆర్టీసీ బస్సు దూరితే డిపో అంతా కలిసి వెతకాల్సి వచ్చింది. అబద్ధమైతే నా మీసం కోసిస్తాను. జిల్లాలో ఇంత మీసం ఇంకొకటి లేదు.

సంగయ్య బిడ్డ సుహాసిని పాతకాలం చరిత్ర చదువుతుంది. చదువంటే మామూలు చదువా! రాయిని వాసన చూసి ఏ రాజు కాలందో చెప్పేది. ఆమె నోరు తెరిస్తే చచ్చిన రాజులు లేచి చేతులు కట్టుకుని నిలబడేవారు. అయినా ఇంటి శాసనం మాత్రం చదవలేకపోయింది. పొద్దునే కాలేజీకి పోతే వచ్చేసరికి చీకటి. ఫోటో తీస్తే ఉత్త రాయే పడుతుంది. ఇంతలో హైదరాబాదు నుంచి పరిశోధన సీటుకు పిలుపొచ్చింది. ఎవరూ చదవని శాసనం అచ్చు తీసి తెస్తే సీటు ఖాయమన్నారు. తడి కాగితం రాయికి అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దితే గాళ్లలోని రాత కాగితం మీదికి వస్తుంది.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం ఆమె కాగితం, సిరా పట్టుకుని గట్టుకొచ్చింది. రాయి ఆకుపచ్చగా మెరుస్తోంది. పక్కన సంగయ్య, చేతిలో ట్రాలీకి వేయగా మిగిలిన పెయింటు డబ్బా.

"ఎట్లుంది బిడ్డా? జాతరకు దేవుని రాళ్లకు ఏసినట్టే ఏసిన. పట్నంల పెద్ద సార్లు చూస్తరు గదా, బోసి రాయి ఏం బాగుంటది?"

"నాయినా! అక్షరాలో?"

"నాకు గంత తెల్వదా? వాటి మీద పడొద్దనే, చేనుకు పోయినంక ఏసిన. గుంతలల్ల రంగు పట్టదని ముందుగాల లప్పం గూడ పెట్టిన."

సుహాసిని కాగితం, సిరా కింద పెట్టింది. వంగి, కొడవలి మొనతో గీరడం మొదలుపెట్టింది. లప్పం బిగుసుకుపోయింది, దాంతోపాటు రాయి కూడా పెచ్చులూడింది. పొద్దు వాలేసరికి అక్షరాలు మేత ముగించి వచ్చాయి. రాయి చుట్టూ తిరిగాయి. చోటు దొరకలేదు. వంగిన సుహాసిని వీపు వాటికి వెడల్పుగా, వెచ్చగా తోచిందేమో, వరసగా ఎక్కి కూర్చున్నాయి. సంగయ్య అంగీ విప్పి తన వీపు కూడా వంచి నిలబడ్డాడు. ఒక్కటీ ఎక్కలేదు.

తల్లి హన్మమ్మ కూతురి వీపు చూసి, "మంచిగనే కూసున్నయి. ఇంటికి నడువుండ్రి" అంది. ఇంట్లో ఆ వీపుకే తడి కాగితం అంటించి చూశారు. చర్మానికి గాడి ఉండదు కదా, కాగితమంతా ఉత్త నలుపే వచ్చింది.

తెల్లవారి ఎండ తగలగానే అక్షరాలు దిగి చేనుకు పోయాయి. సుహాసిని సంచి పట్టుకుని ఖేడ్ బస్టాండుకు వచ్చింది.

"నువ్వు ఎక్కు బిడ్డా, ఈడ నేను చూసుకుంట," అన్నాడు సంగయ్య.

"పొద్దుగూకితే అవి యాడికి రావాలె నాయినా?"

సంగయ్య ఆమె చేతిలోని సంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. ఆమె ఎక్కకుండానే హైదరాబాదు బస్సు పోయింది. ఇక్కడ గొప్పగా చెప్పడానికి నాకు ఏమీ దొరకలేదు. ఎప్పుడూ పోయినట్టే పోయింది.

ఆనాటి నుంచి సాయంత్రాలు హన్మమ్మ కూతురి వీపు తడిమి, ఒక్కొక్క అక్షరాన్ని ఆమె అరచేతిలో వేలితో గీసేది. బడి గడప తొక్కని మనిషి.

"ఇది సున్న లెక్క ఉంది, నెత్తిన కొమ్మున్నది."

"అది తలకట్టమ్మా."

"గివి రాజులు రాసిన్రా, మ్యాకలు రాసినయా?"

అట్లా నవ్వుకుంటూ కొంత, ఏడుస్తూ కొంత చదివారు. ఎవరో ఒక తల్లి బాటసారులకు బావి తవ్వించి, దాని బాగోగులకు ఈ చేను రాసిచ్చిందట. సంగయ్య మాత్రం గడప బయటే కూర్చునేవాడు. లోపలికి రాడు, సరిగ్గా తినడు.

చివరి వరస మిగిలిన రోజు బయటి నుంచే అడిగాడు: "ఆఖరుకు శాపం రాస్తరంట గదా, రాత చెరిపినోనికి ఏమైతదో. ఏమున్నది బిడ్డా?"

హన్మమ్మ గీసింది. సుహాసిని అరచెయ్యి మెల్లగా ముడుచుకుంది. ఒక్క సున్న తప్పు చదివితే రాత్రంతా నిద్రపోని పిల్ల అది.

"తెల్వక చెరిపినోనికి పాపం లేదని ఉంది, నాయినా."

హన్మమ్మ వేలు ఆ వరస మీదే ఆగింది. ఇప్పటికి ఆమెకు అక్షరాలన్నీ వచ్చు. నరకం అన్న మాట ఆ కాలంలోనూ నరకమే. ఆమె కూతురి వీపు మీద కొంగు కప్పింది.

"ఇగ లోపలికి రా," అని మొగుణ్ని పిలిచింది. "రొట్టె సల్లారుతుంది."